‘అయోడిన్ అలర్జీ’ ఉన్న రోగికి యాంజియోగ్రామ్: ఒక కేసు వివరాలు

(రోగిని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.)

58 ఏళ్ల పురుషుడు. భీమవరం వైపు రొయ్యల చెరువులున్న రైతు. పదేళ్లుగా షుగరు, బీపీ. కొన్ని నెలలుగా మెట్లెక్కినా, చెరువు గట్టు మీద కాస్త వేగంగా నడిచినా ఛాతీ మీద బరువు పెట్టినట్టు ఉంటోంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో తేడా స్పష్టంగా కనిపించింది. యాంజియోగ్రామ్ తప్పదు. దానికి ఎక్స్‌రేలో రక్తనాళాలు కనిపించేలా చేసే ‘డై’ అనే ద్రవం ఎక్కించాలి. కానీ ఫైలు అట్ట మీద ఎర్ర సిరాతో ‘అయోడిన్ అలర్జీ - డై ఇవ్వరాదు’ అని రాసి ఉంది. ఆయనను నా దగ్గరికి పంపిన కార్డియాలజిస్టు ఒకే ప్రశ్న అడిగారు: “ఈయనకు ఏ డై ఇవ్వవచ్చు?”

స్కాన్లలో అయితే ప్రత్యామ్నాయం వెతకవచ్చు. కడుపు సీటీ బదులు ఎంఆర్ఐ, కొన్నిచోట్ల అల్ట్రాసౌండ్ సరిపోతాయి. గుండె రక్తనాళాల్లోకి గొట్టం పంపి స్టెంట్ వేయాలంటే మాత్రం అయోడిన్ ఉన్న డై తప్ప వేరే దారి లేదు. కాళ్ల రక్తనాళాలకు వాడే కార్బన్ డయాక్సైడ్ వాయువును గుండెలోకి పంపకూడదు. అందుకే ఫైలు మీది ఆ మాటను ఉన్నదున్నట్టు ఒప్పుకోవడానికి వీల్లేకపోయింది.

జరిగింది ఇదీ

మొదటి ఘటన రెండేళ్ల క్రితంది. మూత్రంలో రక్తం పడుతోందని సీటీ చేయించారు. వాడిన డై అయోహెక్సాల్. ముందు ఒక మిల్లీలీటరు ‘టెస్ట్ డోస్’ ఇచ్చి అయిదు నిమిషాలు చూశారు, ఏమీ కాలేదు. తర్వాత పూర్తి మోతాదు ఎక్కించారు. మూడు నాలుగు నిమిషాల్లోనే అరచేతుల్లో, అరికాళ్లలో దురద, ఆగని తుమ్ములు, గొంతు బిగుసుకున్నట్టు అనిపించడం, ఒంటినిండా దద్దుర్లు. పై బీపీ 70కి పడిపోయింది. అవిల్ (దురద, అలర్జీకి వాడే మందు), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్) ఇచ్చారు. లొంగకపోతే చివరికి అడ్రినలిన్ ఇచ్చారు, దానితో కోలుకున్నారు. డిశ్చార్జి సమ్మరీలో డై పేరు లేదు, ‘అయోడిన్ అలర్జీ’ అని మాత్రం ఉంది. అయోహెక్సాల్ అన్న సంగతి ఆ స్కాన్ సెంటరు బిల్లులో దొరికింది. బిల్లులు దాచుకునే ఇల్లాలు ఉండటం ఆయన అదృష్టం.

రెండో ఘటన నన్ను కలవడానికి ఆరు వారాల ముందు వేరే ఆసుపత్రిలో జరిగింది. అలర్జీ సంగతి వాళ్లకు తెలుసు. అందుకే ముందురోజు రాత్రి, ఆ ఉదయం స్టెరాయిడ్ మాత్రలు వేయించి, బల్ల మీద అవిల్ ఇచ్చారు. డైగా అయోడిక్సనాల్‌ను ఎంచుకున్నారు. దాని ఆస్మోలాలిటీ (ద్రవంలో కరిగి ఉన్న కణాల మోతాదు) రక్తానికి సమానం కనుక ఒంటికి తేలిక అన్న పేరుంది. ఎడమ ధమనిలోకి పంపిన తొలి చిత్రంలో ఒకచోట ఇరుకు కనిపించింది. అంతలోనే మెడ మీద ఎరుపు, దద్దుర్లు. పై బీపీ 60. ఈసీజీలో గుండె కింది భాగానికి సంబంధించిన లీడ్లలో ఎస్‌టీ భాగం పైకి లేచింది, అంటే అక్కడి గుండె కండరానికి రక్తం అందడం లేదు. తొడ కండరంలో అడ్రినలిన్ 0.5 మిల్లీగ్రాములు, వేగంగా సెలైను ఇచ్చారు. కాసేపటికి ఎస్‌టీ మామూలుకు వచ్చింది, ప్రొసీజరు ఆపేశారు. ఆ గందరగోళంలోనూ ఎవరో డ్యూటీ డాక్టరు ట్రిప్టేజ్ (అలర్జీ దాడిలో రక్తంలో పెరిగే ఎంజైము) కోసం రక్తం తీసి ఉంచారు. ఈ కేసు తేలడానికి ఆ ఒక్క ట్యూబు చాలా సాయపడింది.

అలర్జీ వల్ల గుండె ధమని బిగుసుకుపోవడాన్ని కౌనిస్ సిండ్రోమ్ అంటారు. గ్రీకు వైద్యుడు కౌనిస్ 1991లో దీన్ని వివరించారు. అలర్జీ ప్రతిచర్యను నడిపే మాస్ట్ కణాలు గుండె ధమనుల గోడల్లోనూ ఉంటాయి. అవి విడుదల చేసే హిస్టమిన్, ల్యూకోట్రైన్ల వంటి రసాయనాలకు ధమని ముడుచుకుంటుంది. అప్పటికే కొలెస్టరాల్ పేరుకున్న చోట గడ్డ కట్టే ప్రమాదమూ ఉంది.

ట్రిప్టేజ్ ఏం చెప్పింది

ట్రిప్టేజ్ దాదాపు పూర్తిగా మాస్ట్ కణాల్లోనే నిల్వ ఉండే ఎంజైము. ఆ కణాలు పగిలినట్టు తమ సరుకంతా ఒక్కసారిగా బయటకు వదిలినప్పుడు అది రక్తంలోకి వస్తుంది. ప్రతిచర్య మొదలైన అరగంట నుంచి రెండు గంటలలోపు తీసిన రక్తంలో బాగా కనిపిస్తుంది. నాలుగు గంటలు దాటితే నమ్మకం తగ్గుతుంది. కనీసం 24 గంటల తర్వాత, రోగి పూర్తిగా కుదుటపడ్డాక మరో నమూనా తీసి రెండింటినీ పోల్చాలి. మామూలు స్థాయిని 1.2తో గుణించి 2 కలపాలి. ఘటన సమయంలోది ఆ లెక్కను దాటితే మాస్ట్ కణాలు స్పందించినట్టే.

ఈయన మామూలు స్థాయి 5.1. లెక్క ప్రకారం గీత 8.1 దగ్గర పడుతుంది. ఘటన తర్వాత గంటకు తీసిన నమూనాలో 28 ఉంది. కాబట్టి ఇది భయంతో కళ్లు తిరగడం కాదు, గుండెపోటు మాత్రమే కాదు, డై ఎక్కేటప్పుడు చాలామందికి కలిగే వేడి, వికారం అంతకంటే కాదు.

చివరిదాన్ని విడిగా చెప్పడానికి కారణం ఉంది. డై వెళ్తుండగా ఒళ్లంతా వెచ్చబడటం, మూత్రం పోసేసుకున్నట్టు అనిపించడం, నోట్లో లోహపు రుచి, కాస్త వాంతి వచ్చినట్టు ఉండటం ఆ ద్రవం ధర్మాలు. వ్యాధినిరోధక కణాలకు వాటితో సంబంధం లేదు. వాటిని కూడా ‘డై అలర్జీ’ అని రాసేస్తే, రేపు నిజంగా అవసరమైన స్కాను ఆ రోగికి అందకుండా పోతుంది. నా దగ్గరికి వచ్చే ‘డై అలర్జీ’ ఫైళ్లలో ఇలాంటివి తక్కువేమీ కాదు.

అయోడిన్ తప్పేమీ లేదు

మొదటి ఘటన తర్వాత ఈయన రొయ్యలు తినడం మానేశారు. ఊరంతటికీ రొయ్యలు అమ్మే మనిషి ఇంట్లో వాటిని వండనివ్వడం లేదు. “సముద్రపు సరుకులో అయోడిన్ ఉంటుందన్నారు కదండీ” అన్నారు. వాళ్లావిడ ఇంకో అడుగు ముందుకేసి అయోడిన్ ఉప్పు మానేసి రాళ్ల ఉప్పు తెస్తున్నారు. గడ్డం గీసుకున్నప్పుడు తెగినా టింక్చరు రాయడం లేదు.

రొయ్యలకు అలర్జీ వచ్చేవారి యాంటీబాడీలు గుర్తుపట్టేది ట్రోపోమయోసిన్ అనే కండర ప్రొటీన్‌ను. డైలో ఆ ప్రొటీన్ లేదు. అయోడిన్ అనేది థైరాయిడ్ హార్మోనులో అందరి ఒంట్లోనూ ఉన్న మూలకం. అది అలర్జీ కారకమైతే మనిషి బతకలేడు. డై అణువులో ఒక బెంజీన్ వలయానికి మూడు అయోడిన్ పరమాణువులు అంటుకుని ఉంటాయి, ఎక్స్‌రేలను అడ్డుకునేవి అవే. ఆ వలయానికి పక్కన కట్టిన గొలుసులు ఒక్కో డైలో ఒక్కో రకంగా ఉంటాయి. శరీరం తప్పుగా శత్రువనుకునేది అయోడిన్‌ను కాదు, మొత్తం అణువు ఆకారాన్ని. అందుకే ‘అయోడిన్ అలర్జీ’ అన్న మాట రోగికి అక్కరలేని పథ్యం పెడుతుంది, అసలు దోషి అయిన డై పేరును మాత్రం మరుగుపరుస్తుంది. రొయ్యలు తినమని ఆ రోజే చెప్పాను. ఆవిడ వెంటనే నమ్మలేదు.

మాస్ట్ కణాన్ని లేపే రెండు మార్గాలు

చర్మంలో, శ్వాసనాళాల్లో, పేగుల్లో, రక్తనాళాల పక్కన మాస్ట్ కణాలు కాపుంటాయి. నిమిషాల్లో వచ్చే డై ప్రతిచర్యలన్నింటిలో ప్రధాన పాత్ర వీటిదే. రక్తంలో తిరిగే బేసోఫిల్ కణాలూ తోడవుతాయి. హిస్టమిన్ వల్ల సన్నని రక్తనాళాలు వెడల్పయి, వాటి గోడల్లోంచి ద్రవం కారిపోతుంది. దద్దుర్లు, వాపు, బీపీ పడిపోవడం అన్నీ అక్కడి నుంచి వచ్చేవే. దాని వెంటే ప్రోస్టాగ్లాండిన్లు, ల్యూకోట్రైన్లు, ప్లేట్‌లెట్లను ఉసిగొల్పే పదార్థాలు వస్తాయి. అవిల్ వీటిలో హిస్టమిన్ ఒక్కదానికే అడ్డుపడుతుంది, అదీ కొంతవరకే.

ఈ కణం రెండు రకాలుగా లేస్తుంది. మొదటిది ఐజీఈ మార్గం. ఒకసారి డైకి గురైన శరీరం కొందరిలో దానికి సరిపడే ఐజీఈ యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అవి మాస్ట్ కణం మీద అతుక్కుని ఉంటాయి. మళ్లీ అదే ఆకారం తగిలినప్పుడు పక్కపక్కనున్న యాంటీబాడీలు ముడిపడి, కణంలోకి కాల్షియం దూసుకెళ్లి, సంచులు బయటకు ఖాళీ అవుతాయి. ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. డై అణువు చాలా చిన్నది. అయోహెక్సాల్ బరువు 821 డాల్టన్లు మాత్రమే. అది ప్రొటీన్లకు పెద్దగా అంటుకోదు. ఇంత చిన్న అణువు రెండు యాంటీబాడీలను ఎలా ముడివేస్తుందన్నది ఇప్పటికీ చర్చే. అయినా చర్మపరీక్షలు పాజిటివ్ రావడం, కొందరిలో డైకి ప్రత్యేకమైన ఐజీఈ దొరకడం వల్ల ఈ మార్గం ఉందన్నది నిలబడింది.

రెండోదానికి యాంటీబాడీ అక్కర్లేదు. మాస్ట్ కణం మీద ఎంఆర్‌జీపీఆర్‌ఎక్స్2 అనే గ్రాహకం ఉంటుంది. కొన్ని మందులు దీన్ని నేరుగా తట్టి కణాన్ని ఖాళీ చేయిస్తాయని 2015లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు చూపించారు. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం, మత్తువైద్యులు కండరాలు సడలించడానికి వాడే కొన్ని మందులు ఆ జాబితాలో ఉన్నాయి. కొన్ని డైలు కూడా ఇదే పని చేస్తున్నట్టు ఆ తర్వాతి ప్రయోగశాల అధ్యయనాలు సూచించాయి. జీవితంలో మొదటిసారి డై తీసుకున్నవాళ్లకూ దద్దుర్లు ఎందుకొస్తాయన్న పాత ప్రశ్నకు ఇది కొంత జవాబు. పాత అయానిక్ డైల (ద్రవంలో విద్యుదావేశమున్న కణాలుగా విడిపోయేవి) కాలంలో ఎక్కువ ఆస్మోలాలిటీ కూడా మాస్ట్ కణాలను రెచ్చగొట్టేది. 1990లో ప్రచురితమైన జపాన్ అధ్యయనంలో మూడు లక్షల ముప్ఫై ఏడు వేలకు పైగా ఇంజెక్షన్లను లెక్కించారు. తీవ్ర ప్రతిచర్యలు అయానిక్ డైలతో 0.22 శాతం, నాన్ అయానిక్ డైలతో 0.04 శాతం. ఇప్పుడు మనం వాడేవన్నీ దాదాపు రెండో రకమే.

మన రోగిది ఏ మార్గం? మూడు సంగతులు ఐజీఈ వైపు చూపాయి. ప్రతిచర్య చాలా తీవ్రం. మొదటిదానికంటే రెండోది తక్కువ మోతాదుకే వచ్చింది. మూడోది గుచ్చిగుచ్చి అడిగితే బయటపడింది: ఎప్పుడో కిడ్నీలో రాయి ఉన్నప్పుడు సూది మందు ఇచ్చి వరుసగా ఎక్స్‌రేలు తీశారట. అంటే ఐవీపీ. ఆ సూది మందు కూడా అయోడిన్ ఉన్న డైయే. అప్పుడేమీ కాలేదు కనుక కుటుంబం దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. శరీరం డైని శత్రువుగా గుర్తుపెట్టుకుని, యాంటీబాడీ తయారుచేసుకోవడానికి అది చాలు.

చర్మపరీక్ష

ఇలాంటి పరీక్షను ప్రతిచర్య జరిగిన నెల తర్వాత, ఆరు నెలలలోపు చేయడం మంచిది. ఎక్కువ కాలం గడిస్తే పాజిటివ్ కావలసింది నెగటివ్‌గా వచ్చే అవకాశం పెరుగుతుంది. దురదకు ఆయన అలవాటుగా వేసుకుంటున్న సెట్రిజిన్ వారం ముందే ఆపించాను. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకరు మందు విషయంలో తొందరపడలేదు. ఆంజైనా ఉన్న మనిషికి దాన్ని హఠాత్తుగా ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది. అలాగని అది ఒంట్లో ఉండగా అనాఫిలాక్సిస్ (ప్రాణాంతకమైన అలర్జీ దాడి) వస్తే అడ్రినలిన్ సరిగా పనిచేయకపోవచ్చు. కార్డియాలజిస్టు దాన్ని క్రమంగా తగ్గించి వేరే మందులకు మార్చారు. అయినా ట్రేలో అడ్రినలిన్ పక్కన, బీటా బ్లాకరు అడ్డున్నా పనిచేసే గ్లూకగాన్ కూడా పెట్టుకున్నాం.

నాలుగు డైలు: అయోహెక్సాల్, అయోడిక్సనాల్, అయోప్రోమైడ్, అయోపమిడాల్. హిస్టమిన్, సెలైన్ పోలికకు. ముందు ముంజేతి మీద చుక్క వేసి గుచ్చాం. హిస్టమిన్ దగ్గర తప్ప ఎక్కడా ఏమీ లేదు. తర్వాత ప్రతి డైనీ సెలైనుతో పదింతలు పలుచన చేసి, ఇన్సులిన్ సిరంజితో చర్మం పొరల్లోకి మిల్లీలీటరులో రెండు మూడు వందో వంతులు ఎక్కించాం. తొలి బొబ్బ చుట్టూ పెన్నుతో గీత గీసి ఇరవై నిమిషాలు ఆగాం. అయోహెక్సాల్ దగ్గర 5 మిల్లీమీటర్ల బొబ్బ 11 అయింది, చుట్టూ ఎర్రటి వలయం. అయోడిక్సనాల్ దగ్గర 10. అయోప్రోమైడ్ దగ్గర 8, పాజిటివ్ కిందే లెక్క. అయోపమిడాల్ దగ్గర బొబ్బ గీత దాటలేదు. సెలైను బొబ్బ లాగే ఇంకిపోయింది.

అణువు బొమ్మలు పక్కపక్కన పెట్టి చూస్తే ఈ వరుస అర్థమవుతుంది. అయోహెక్సాల్, అయోడిక్సనాల్, అయోప్రోమైడ్‌లలో వలయానికి డైహైడ్రాక్సీప్రొపైల్ కార్బమాయిల్ అనే ఒకే తరహా పక్కగొలుసు ఉంది. అయోడిక్సనాల్ అయితే అలాంటి రెండు వలయాలను కలిపి కట్టిన జంట అణువు. అయోపమిడాల్ పక్కగొలుసుల అమరిక వేరు. రెండో ఆసుపత్రిలో ఆస్మోలాలిటీని చూసి డైని ఎంచుకున్నారు. చూడవలసింది ఆకారాన్ని. ఒంటికి తేలికైన డై కూడా ఐజీఈకి పాత పరిచయస్థుడిలా కనిపించింది.

స్టెరాయిడ్ ఎందుకు కాపాడలేదు

స్టెరాయిడ్లు కణం లోపల జన్యువుల పనిని మార్చి గంటల మీద ప్రభావం చూపుతాయి. వాపును తగ్గిస్తాయి. కానీ ఐజీఈ ముడిపడిన మాస్ట్ కణం క్షణాల్లో సంచులు వదలడాన్ని అవి ఆపలేవు. అమెరికాలో ప్రెడ్నిసోన్ 50 మిల్లీగ్రాముల మోతాదును స్కానుకు 13, 7, 1 గంటల ముందు ఇచ్చే పద్ధతి బాగా ప్రచారంలో ఉంది. తేలికపాటి దద్దుర్లు దానితో కొంత తగ్గవచ్చు. యూరప్ యూరోజెనిటల్ రేడియాలజీ సంఘం మార్గదర్శకాలు ముందస్తు మందులను సిఫారసు చేయవు. నా అభిప్రాయం రెండో పక్షానికే దగ్గర. తీవ్ర ప్రతిచర్య వచ్చిన రోగికి స్టెరాయిడ్ ఇచ్చి అదే డైని మళ్లీ ఎక్కించడం రక్షణ కాదు. అది ఇచ్చేవారికి ధైర్యమే తప్ప తీసుకునేవారికి కాదు.

టెస్ట్ డోస్ సంగతీ అంతే. మన దగ్గర చాలాచోట్ల ఇంకా నడుస్తోంది. రక్తంలోకి ఒక మిల్లీలీటరు ఇచ్చి చూడటం వల్ల ఎవరికి ప్రతిచర్య వస్తుందో తెలియదు. వచ్చేవారికి ఆ ఒక్క మిల్లీలీటరే ప్రమాదం కావచ్చు. ఈయన మొదటిసారి ఆ పరీక్ష పాసయ్యారన్నది గుర్తుంచుకోవాలి.

డై ఇచ్చి చూడటం, ఆపై యాంజియో

చర్మపరీక్ష నెగటివ్ అంటే ప్రతిచర్య రాదని పూర్తి హామీ కాదు. అందుకే ఐసీయూ పక్కన, రెండు సెలైను లైన్లు పెట్టి, అయోపమిడాల్‌ను రెండు మిల్లీలీటర్లతో మొదలుపెట్టి అరగంటకొకసారి పెంచుతూ మొత్తం 50 దాకా ఇచ్చాం. దద్దుర్లు లేవు, బీపీ కదలలేదు. ఆ సాయంత్రం ఆయన అడిగింది ఒక్కటే, కాఫీ ఎప్పుడిస్తారని. యాంజియోను కొన్ని రోజుల తర్వాతకు పెట్టాం. కిడ్నీల మీద వెంటవెంటనే డై భారం పడకుండా, ఆలస్యంగా వచ్చే దద్దుర్లేమైనా ఉంటే ఈలోపు బయటపడేలా.

స్టెరాయిడ్ ఇవ్వాలా అన్నదానిపై మా మధ్య కాస్త వాదన నడిచింది. కార్డియాలజిస్టు ఇద్దామన్నారు, నేను అక్కర్లేదన్నాను. ఆయన చేతిలో ఉన్న రోగి కనుక ఇచ్చాం. మర్నాడు షుగరు 290కి ఎక్కింది. స్టెరాయిడ్ చేసిన పనిగా మాకు కంటికి కనిపించింది అదొక్కటే. యాంజియోలో ఎడమ ముందువైపు ధమనిలో 80 శాతం ఇరుకు కనిపించింది. స్టెంట్ వేశారు. అయోపమిడాల్‌తో ఎలాంటి ప్రతిచర్యా రాలేదు.

ఇదే ఫిర్యాదు, వేరే కణం

ఈ కేసును నేను మా జూనియర్లకు చెప్పేటప్పుడు మరో రోగిని పక్కన పెడతాను. మే నెలలో సీటీ చేయించుకున్న ఒక ఇల్లాలికి మూడో రోజు వీపు మీద, ఛాతీ మీద ఎర్రటి మచ్చలు లేచాయి. చెమటకాయలనుకుని పౌడరు రాశారు. తగ్గకపోతే వచ్చారు. ఆమె ఫైలు మీదా ‘డై అలర్జీ’ అనే రాశారు. కానీ ఇక్కడ పని చేసినవి మాస్ట్ కణాలు కావు, టి కణాలు అనే మరో రకం వ్యాధినిరోధక కణాలు. డైని గుర్తుంచుకున్న సీడీ4, సీడీ8 రకం టి కణాలు చర్మంలోకి చేరి, సైటోకైన్లు అనే సంకేత రసాయనాలు వదిలి, ఇయోసినోఫిల్ అనే తెల్ల రక్తకణాలను పిలుస్తాయి. ఆ దండు కూడటానికి గంటలు, రోజులు పడుతుంది. అందుకే గంట నుంచి ఏడు రోజుల మధ్య ఎప్పుడైనా బయటపడవచ్చు. ట్రిప్టేజ్ పెరగదు, అడ్రినలిన్‌తో పని లేదు. ఆమెకు చర్మపరీక్ష ఇరవై నిమిషాల దగ్గర నెగటివ్, 48 గంటలకు గట్టిపడిన ఎర్ర మచ్చ. అప్పుడే చూసి పంపేసి ఉంటే తప్పు ఫలితం రాసేవాళ్లం. చాలామందికి ఇది దానంతటదే తగ్గుతుంది. జ్వరం, నోట్లో పుళ్లు, ముఖం వాపు, చర్మం ఊడటం ఉంటే మాత్రం వెంటనే ఆసుపత్రికి రావాలి. అవి టి కణాలు తెచ్చే తీవ్ర చర్మవ్యాధులకు సూచనలు.

రోగి చేతికిచ్చిన కార్డు

ఎర్ర సిరా మాటను కొట్టేసి ఆయన పర్సులో పెట్టుకోవడానికి కార్డు ఇచ్చాం. అందులో ఇలా రాశాం: అయోహెక్సాల్, అయోడిక్సనాల్ - నిమిషాల్లో తీవ్ర ప్రతిచర్య, అయోడిక్సనాల్‌తో ట్రిప్టేజ్ పెరిగింది, రెండింటికీ చర్మపరీక్ష పాజిటివ్. అయోప్రోమైడ్ - చర్మపరీక్ష పాజిటివ్, ఇవ్వవద్దు. అయోపమిడాల్ - పరీక్ష నెగటివ్, యాంజియోలో సురక్షితంగా ఇచ్చారు. రొయ్యలు, ఉప్పు, టింక్చరుకు ఆంక్ష లేదు. ఎంఆర్ఐలో వాడే గాడోలినియం డై వేరు పదార్థం, ఈ అలర్జీ వల్ల దాన్ని మానక్కర్లేదు. ఏ డై ఇచ్చినా అడ్రినలిన్ సిద్ధంగా ఉన్న చోటే ఇవ్వాలి. కొత్త డైకి కూడా కాలక్రమంలో ఐజీఈ తయారు కావచ్చు గనుక చివరి వాక్యం ముఖ్యం. కొడుక్కి కూడా పరీక్ష చేయించాలా అని అడిగారు. ఇది వంశంలో దిగేది కాదు, అక్కర్లేదని చెప్పాను.

కొన్ని నెలల తర్వాత మూత్రంలో రక్తం సంగతి మళ్లీ చూడటానికి సీటీ రాశారు. స్కాన్ సెంటరు టెక్నీషియను కార్డు చదివి నాకు ఫోను చేశారు. అయోపమిడాల్ స్టాకు లేదు, అయోహెక్సాల్ ఉంది, రెండూ నాన్ అయానిక్ డైలే కదా సార్, ఇవ్వవచ్చా అని. ఇవ్వవద్దు, తెప్పించాకే చేయండి అన్నాను. మర్నాడు తెప్పించి చేశారు. ఏమీ కాలేదు.